కమలమ్మ మోకాళ్ల వరకు గాలి

ఫిబ్రవరి 3, సోమవారం

టైరు పగిలితే కారు ఎన్ని పల్టీలు కొడుతుందో ఇంట్లో ఎవరినీ అడగలేను. అడిగితే మళ్లీ మొదలుపెట్టింది అంటారు. అందుకే ఇక్కడ రాసుకుంటున్నాను. గుండె దడ వచ్చినప్పుడల్లా నాలుగు ముక్కలు రాసుకోమని ఆసుపత్రిలో నర్సమ్మ చెప్పింది. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులున్నా చూసేవాళ్లు లేరు.

నంద్యాలలో విత్తనాల కంపెనీ ల్యాబులో బుద్ధిగా ఉద్యోగం చేసుకునే నా మనవరాలు జెస్సికా ఆటోక్రాస్ అనేదానిలో చేరింది. మట్టి నేల మీద ఎర్ర టోపీలు నిలబెడతారు, రోడ్డు పనుల దగ్గర పెడతారే, అవి. వాటి మధ్య మెలికలు తిరుగుతూ కారును ఒక్కొక్కరే నడపాలి. ఎవరు తొందరగా వస్తే వాళ్లది గెలుపు. టోపీ పడితే టైము కలుపుతారు. ఎవరినీ దాటేది లేదు, గుద్దేది లేదు, ఏమీ కాదు జేజీ అంటుంది. ఏమీ కానిదానికి తలకు హెల్మెట్ ఎందుకు?

కారు మా ఆయనది. తెల్లది, చిన్నది. ఫిలిప్ నడిపినంత కాలం సైకిళ్లు కూడా దాన్ని దాటిపోయేవి. నాకు ఏ దిగులూ ఉండేది కాదు. ఆయన పోయినప్పటి నుంచి మా కోడలు లూదియా తమ్ముడు గురుస్వామి ఆ కారును అడుగుతున్నాడు. అతను సున్నిపెంటలో క్వార్టర్స్‌లో ఉంటాడు. ఈ సాయంత్రం మా అబ్బాయి అజయ్ కుమార్ ఒక మాట తేల్చేశాడు.

"వచ్చే నెల మన ఆళ్లగడ్డలోనే పోటీ ఉండాదంట గదా. మొదటి మూడిట్లో వస్తే కారు నీది. రాకుంటే మీ మామ తీస్కపోతాడు. ఇంగ దాని మాట నా దగ్గర తేవద్దు."

జెస్సికా సరే అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అది ఓడిపోతుంది, కారు సున్నిపెంటకు పోతుంది, పిల్ల ఎముకలు ఇంట్లో ఉంటాయి. ఓడిపోవాలని నేను కోరుకోవడం లేదు. ఓడిపోతే మంచిదని అనుకుంటున్నాను, అంతే.

ఫిబ్రవరి 5, బుధవారం

నిద్ర లేదు. టైర్లు.

ఫిబ్రవరి 7, శుక్రవారం

గాలి చూసే గేజీ కొనుక్కొచ్చింది. నర్సమ్మ నాకు బీపీ చూసినట్టు ఒక్కో టైరుకూ పెట్టి చూసి, ముప్పై రెండు, ముప్పై రెండు అని చెబుతుంది. ఈ ఆటలో సగం విద్య గాలిలోనే ఉందట. ఫోనులో ఒక దొర చెబుతున్నాడు. గాలి తక్కువైతే మలుపులో టైరు పక్కకు ఒరుగుతుందట, కాబట్టి పెంచుకుంటూ పోవాలట. ఎక్కడిదాకా పెంచాలో ఎవరి కారుకు వాళ్లే వెతుక్కోవాలట. అంటే పగిలేదాకా అని నాకు అర్థమైంది.

అన్నం ముందు ప్రార్థనలో ఇంకో ముక్క చేర్చుదామనుకున్నాను. కానీ వరస చెడిపోతుందని భయం. మొదట అజయ్ బీపీ. తర్వాత లూదియా. ఇక్కడ గొంతు తగ్గిస్తాను, పెదవులు మాత్రమే కదుపుతాను, అది నాకూ దేవునికీ మధ్య. తర్వాత జెస్సికా పెళ్లి. తర్వాత పక్కింటి కమలమ్మ మోకాళ్లు. తర్వాత చాగలమర్రిలో నా చెల్లెలి బర్రె. ఆ తర్వాత వానలు, ప్రభుత్వం. కమలమ్మ మోకాళ్లు వచ్చేసరికే అన్నం చల్లారిపోతోందని లూదియా సణుగుతుంది. ఏం చేయను? ఒక్కరిని వదిలినా, ఒక్క మాట తొందరపడినా ఆ రోజు వాళ్లకే ఏదో అవుతుంది. ఒకసారి బర్రెను మరిచిపోతే అది పాలివ్వలేదు.

ఫిబ్రవరి 9, ఆదివారం

ఇది రాయకూడదు. అయినా రాస్తాను.

పొద్దున మొదటి ఆరాధన చూసుకుని అందరం నంద్యాల పోయాం. నేను రాకూడదన్నారు. ఇంట్లో ఉంటే ఏం జరిగిందో అని చస్తాను, అక్కడ ఉంటే ఏం జరుగుతుందో అని చస్తాను. అక్కడైతే కనీసం కళ్లకు కనిపిస్తుంది అన్నాను.

ఊరి బయట ప్లాట్లు వేసిన వెంచరు. ఇళ్లు ఇంకా రాలేదు, ఎర్ర గరుసు తోలి చదును చేశారు. మధ్యలో టోపీలు. ఒక్కొక్కరికి రెండుసార్లు, రెండిట్లో మంచి టైమే లెక్క. మొదటిసారి మా పిల్ల పోతే కారు మలుపులో పక్కకు జారి, గరుసు ఎగజిమ్మి, మూడు టోపీలను పడేసింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి ఇంకా అదే మలుపులో తిరుగుతోంది.

రెండోసారికి ముందు అందరూ చెరుకురసానికి పోయారు. నేను కారు నీడలో కూర్చున్నాను. సైకిల్లో గాలి తక్కువైతే తొక్కినా కదలదు. కారు అయినా అంతే కదా. కొంచెం గాలి పోతే నిదానంగా పోతుంది, పిల్ల క్షేమంగా తిరిగొస్తుంది. ఇదంతా నేను ఆలోచించి చేయలేదు. నా చీర పిన్నీసు నా చేతిలో ఎప్పుడూ ఉంటుంది. టైరు నా పక్కన ఉంది. గాలి మూత తీసి పిన్నీసుతో లోపలి పిన్నును నొక్కాను. పాము బుస కొట్టినట్టు శబ్దం వచ్చింది. భయం వేసి ప్రార్థన మొదలుపెట్టాను. నాకు వచ్చింది అదొకటే, అన్నం ప్రార్థన. కమలమ్మ మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి బొటనవేలు తిమ్మిరెక్కింది, ఆపేశాను. ముందున్న రెండో టైరుకూ అంతే. ఒక పక్క తక్కువ, ఒక పక్క ఎక్కువ అయితే పల్టీ కొడుతుంది కదా. వెనక టైర్లకు లూదియా దగ్గరే ఆపేశాను, వాళ్లు తిరిగొస్తున్నారు.

"ఏం జేస్తాండావ్ జేజీ ఆడ కూచోని?" అంది జెస్సికా.

"ప్రార్థన" అన్నాను. అబద్ధం కాదు.

తర్వాత జరిగింది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కారు నిదానంగా పోలేదు. జారలేదు కూడా. ఉడుంలాగా నేలను పట్టుకుని టోపీల మధ్య చకచకా తిరిగి వచ్చేసింది. ఒక్క టోపీ కదల్లేదు. మొదటి స్థానం రుద్రవరం మహేశ్ అనే పిల్లవానికి, మూడోది మాకు. జెస్సికా హెల్మెట్ తీసి నవ్వింది. ఫిలిప్ పోయాక మా ఇంట్లో అంత గట్టిగా ఎవరూ నవ్వలేదు. నేనూ నవ్వాను. దడ మాత్రం తగ్గలేదు, ఎందుకంటే ఆ టైర్లతోనే లారీల మధ్య ఆళ్లగడ్డకు రావాలి. గాలి పట్టిస్తే గానీ కారెక్కనని పెట్రోలు బంకు దగ్గర మొండికేశాను. బంకు మనిషి అన్నిటికీ ముప్పై రెండు పెట్టేశాడు. అమ్మ ఎంత జాగ్రత్త మనిషో చూడు అని అజయ్ మెచ్చుకున్నాడు.

ఫిబ్రవరి 10, సోమవారం

నేనేమీ చేయలేదు. గాలి దానంతట అదే పోతుంది. అందుకే కదా ఊరికి నాలుగు పంచర్ షాపులు.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రాక్టీసుకు పోయి మొహం వేలాడేసుకుని వచ్చింది. అదే నేల, అదే కారు, అదే ముప్పై రెండు, కానీ కారు సబ్బు మీద నడిచినట్టు జారుతోందట. దొర మాట విని ముప్పై నాలుగు పెట్టిందట. ఇంకా జారిందట. నేను అన్నం పెట్టాను.

ఫిబ్రవరి 19, బుధవారం

ముప్పై ఆరు.

ఫిబ్రవరి 23, ఆదివారం

మహేశ్ వీళ్లతో పాటే ప్రాక్టీసు చేస్తాడట. "అక్కా, ఆ పొద్దు నువ్వు నడిపినావా, నీ మీద ఎవరన్నా పూని నడిపినారా?" అన్నాడట. జెస్సికా చెప్పుకుని ఏడ్చింది. పూనింది ఎవరో నాకు తెలుసు. కంచం కడగడానికి లేచిపోయాను.

సున్నిపెంట నుంచి గురుస్వామి ఫోను చేశాడు. పోటీ రోజే వస్తాడట, కారు తీసుకునే పోతాడట. రెండు తాళంచెవులూ ఉన్నాయా అని అడిగాడు. అంటే మా పిల్ల ఓడిపోతుందని అతనికి నమ్మకం. ఇంటి బిడ్డ గురించి అలా అనుకోవచ్చా?

నాకు సంతోషమే. నేను కోరుకున్నదే జరుగుతోంది.

ఫిబ్రవరి 26, బుధవారం

నాకు సంతోషమే.

మార్చి 1, శనివారం

పిల్ల కారు కడిగింది. తడిగుడ్డతో అద్దం లోపల కూడా తుడిచింది. అత్తగారింటికి పంపే పిల్లకు తల దువ్వినట్టు ఉంది. తర్వాత లోపల కూర్చుని తలుపు వేసుకుని చాలాసేపు స్టీరింగు పట్టుకుని ఉంది. బండి స్టార్టు చేయలేదు.

కారు పోతే చర్చికి ఆటోలో పోవాలి. ఆటోకు తలుపులుండవు, మలుపులో జారి పడతాను. నా దిగులు అదే. ఇంకేం లేదు.

అన్నం ప్రార్థనలో కమలమ్మ మోకాళ్ల తర్వాత, బర్రెకు ముందు, ఒక కొత్త ముక్క పెట్టాను. గొంతు తగ్గించే చెబుతున్నాను. అదేమిటో ఇక్కడ కూడా రాయను.

మార్చి 4, మంగళవారం

ధైర్యం చేసి అడిగాను. "గాలి కొంచెం తగ్గించి చూడరాదా పాపా?"

"తగ్గిస్తే మలుపులో టైరు రిమ్ము నుంచి ఊడొస్తాదంట జేజీ. దొర చెప్పినాడు. మనిషే మిగలడు" అంది.

ఊడొస్తుందట. నేను నా మనవరాలిని ఊడొచ్చే టైర్ల మీద పంపించాను. బీపీ మాత్ర వేసుకున్నాను. వేసుకున్నానో లేదో గుర్తు రాక ఇంకోటి వేసుకోబోయి, అది కూడా ప్రమాదమేమో అని చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

మార్చి 5, బుధవారం

కానీ ఊడి రాలేదు కదా.

మార్చి 8, శనివారం

రేపే పోటీ. కొత్త పిన్నీసు పెట్టుకున్నాను. ఊరికే, చీరకు.

మార్చి 9, ఆదివారం

అంతా వరసగా రాస్తాను.

మా ఆళ్లగడ్డలో పోటీ ఎక్కడ పెట్టారంటే, ఎద్దులతో బండ లాగించే మైదానంలో. మట్టి వదులుగా, మెత్తగా ఉంది. మైకు కూడా బండలాగుడు మైకాయనదే. కార్లను కూడా ఎద్దుల మాదిరే పిలుస్తున్నాడు. రుద్రవరం మహేశ్ గారి ఎర్ర బండి, ఆళ్లగడ్డ జెస్సికా గారి తెల్ల బండి. గట్టు మీద ముసలి రైతులు బీడీలు కాలుస్తూ ఏ బండికి పిక్క బలం ఉందో చెప్పుకుంటున్నారు. మా కమలమ్మ కూడా మోకాళ్లు పట్టుకుని వచ్చింది. గురుస్వామి పొద్దున్నే దిగాడు, చేతిలో సంచి, వేరుశనక్కాయల పొట్లం. కారు చుట్టూ తిరిగి సీటు కవర్లు మార్చాలి అన్నాడు.

మొదటిసారి జెస్సికా ముప్పై ఆరు గాలితో పోయింది. కారు రంగుల రాట్నం తిరిగినట్టు తిరిగింది. ఆరో స్థానం. గురుస్వామి నోట్లో కాయ వేసుకున్నాడు.

రెండోసారికి ముందు నేను పిన్నీసు పట్టుకుని మెల్లగా కారు దగ్గరికి పోయాను. కానీ ఈసారి పిల్ల చెరుకురసానికి పోలేదు, గేజీ పట్టుకుని టైరు ముందే కూర్చుని ఉంది. తిరిగి వచ్చేయొచ్చు. రాలేదు, ఇంకో రెండడుగులు ముందుకే వేశాను.

"జేజీ, ఈడికి రాగూడదు. పక్కకు పో" అంది.

"నంద్యాలలో నువ్వు బాగా నడిపిన పొద్దు టైర్లలో ముప్పై రెండు లేదు పాపా."

"మల్ల?"

"నేను పిన్నీసుతో గాలి తీసినా. నువ్వు నిదానంగా పోతావని. బంకులో మల్ల పట్టించినా."

నన్ను చూసింది. తిడుతుందని తల దించుకున్నాను. వాళ్ల నాయనను పిలుస్తుందని కూడా అనుకున్నాను.

"ఎంత తీసినావ్?" అంది.

"ముందర కమలమ్మ మోకాళ్ల దాంకా. ఎనక మీ అమ్మ దాంకా."

ఇంకెవరైనా అయితే నన్ను ఆసుపత్రికి తీసుకుపోయేవాళ్లు. ఆ పిల్ల పళ్లు వచ్చినప్పటి నుంచి చల్లారిన అన్నమే తిన్నది. దానికి ఆ కొలత తెలుసు. టైరు మూత తీసి నా చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

"బేగా మొదలుపెట్టు. గట్టిగా చెప్పు, యాడ ఉండావో నాకు తెలియాల."

మొదలుపెట్టాను. పిన్నీసుతో నొక్కుతూ అజయ్ బీపీ గట్టిగానే చెప్పాను. అది విని మైకాయన పరుగెత్తుకొచ్చాడు. పాపం, దేవుని మాట అంటే మర్యాద ఉన్న మనిషి. అమ్మగారు బండికి ప్రార్థన చేస్తాండారు, అందరూ నిశ్శబ్దంగా ఉండాల అని చెప్పి మైకు తెచ్చి నా నోటి దగ్గర పెట్టాడు. గట్టు మీద రైతులు బీడీలు ఆర్పి తలపాగాలు తీశారు. ఆపితే లెక్క పోతుంది, గొంతు తగ్గిస్తే పిల్లకు వినపడదు.

"ప్రభువా, లూదియా నోరు కొంచెం అదుపులో పెట్టు" అన్నాను. మైదానం మొత్తం వినిపించింది.

జెస్సికా గేజీ పెట్టి చూసింది. ముప్పై రెండు. "అమ్మ దాంకా నాలుగు పాయ. ఆపొద్దు, పో" అంది. పెళ్లి చెప్పాను, కమలమ్మ మోకాళ్లు చెప్పాను. గట్టు మీద కమలమ్మ చేతులు జోడించింది. మళ్లీ గేజీ. ఇరవై ఎనిమిది.

"మోకాళ్ల దాంకా ఎనిమిది. ఆ పొద్దు ముప్పై రెండులో ఎనిమిది పాయ, అంటే ఇరవై నాలుగు. ఆ దొర తారు మీద తిప్పుతాండాడు జేజీ, మనది మెత్తటి మన్ను. నేనే చూసుకోలేదు. ఇంగా నాలుగు పోవాల. చెప్పు."

"ఆ తర్వాతది వద్దులే పాపా. బర్రెకు పోతా."

"వరస మార్చొద్దు. లెక్క తప్పుతాది."

వరస మారితే ఎవరికో ఏదో అవుతుంది, అది నా మాటే. కళ్లు మూసుకున్నాను.

"ప్రభువా, గురుస్వామికి ఈ కారు మీద ఆశ తీసెయ్. వానికి ఇంగో బండి ఇయ్యి. కాకుంటే బస్సులో కిటికీ సీటన్నా ఇయ్యి."

అది కూడా మైకులోనే పోయింది. నా వెనక వేరుశనక్కాయల పొట్లం చప్పుడు ఆగిపోయింది. గేజీ ఇరవై నాలుగు చూపించింది.

అది ఒక్క టైరు. రెండోదానికి మళ్లీ మొదటి నుంచి, గురుస్వామి దాకా. వెనక టైర్లు రెండింటికీ ఇరవై ఎనిమిది కావాలంది, అంటే కమలమ్మ మోకాళ్ల దాకా. లూదియా నోరు మైకులో నాలుగుసార్లు వినిపించింది. నాలుగోసారికి గట్టు మీద వాళ్లంతా ఆమెన్ అన్నారు.

తర్వాత కారు బయలుదేరింది. ఈసారి నేను కళ్లు మూసుకోలేదు. ముందు టైర్లు మట్టిని కొరికి పట్టుకున్నాయి. మొదటి మలుపు, రెండో మలుపు, జారలేదు. "తెల్లది అడుగు కుదురుగా ఏస్తాంది అప్పా" అన్నాడు ఒక రైతు. రిమ్ము నుంచి టైరు ఊడొస్తుందేమో అని నేను ప్రతి మలుపులోనూ చచ్చి బతికాను. చివరి టోపీకి వెనక చక్రం ఆనింది. టోపీ ఊగింది. అటు ఒరిగింది, ఇటు ఒరిగింది. టోపీ నిలబడింది.

మొదట మహేశ్, తర్వాత నంద్యాల పిల్లవాడొకడు, మూడు మా జెస్సికా. దిగి పరుగెత్తుకొచ్చి హెల్మెట్‌తోనే నన్ను కౌగిలించుకుంది. నా నుదురు బొప్పి కట్టింది. చూశారా, ప్రమాదమే ఈ ఆట.

అజయ్ నవ్వి తాళంచెవులు రెండూ బిడ్డ చేతిలో పెట్టాడు. గురుస్వామి సంచి భుజానికి తగిలించుకుని నా దగ్గరికి వచ్చాడు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"బస్సుకే పోతాండా అత్తమ్మా. ఇంగ నా పేరు తీసెయ్ ప్రార్థనలో" అన్నాడు.

లూదియా ఇంటికి వచ్చిన దగ్గర నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. ఆ విధంగా అది కూడా నెరవేరింది.

మార్చి 11, మంగళవారం

లూదియా మాట్లాడింది. అన్నం వడ్డించి, "నా కాడికి వచ్చినప్పుడు గట్టిగానే చెప్పు అత్తా, ఊరంతా ఇన్న్యారు గదా" అంది. గట్టిగా చెప్పాను. కమలమ్మ మోకాళ్లు వచ్చేసరికి అన్నం చల్లారింది. ఎవరూ సణగలేదు. గురుస్వామిని తీసేశాను. తీసేసినందుకు ఏమవుతుందో అని భయంగా ఉంది, సున్నిపెంటకు ఒకసారి ఫోను చేయించాలి.

సాయంత్రం రుద్రవరం నుంచి మహేశ్ వచ్చాడు. అరటిపండ్లు తెచ్చాడు. వచ్చే పోటీకి తన టైర్లకు కూడా ప్రార్థన చేయాలట. "మా వాళ్లు వేరే దేవుళ్లను మొక్కుతారు, అయినా పర్వాలేదా అవ్వా?" అన్నాడు. పర్వాలేదు, అందరికీ చేస్తాను అన్నాను. కానీ కొత్త పేరు కదా, ప్రభుత్వం తర్వాతే వస్తుంది, వరస మార్చేది లేదు అని ముందే చెప్పాను. సంతోషంగా తల ఊపి పోయాడు. వంటింట్లో జెస్సికా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని కింద కూర్చుంది.

మంచి పిల్లవాడు. పండ్లు కూడా బాగున్నాయి. బర్రె, వానలు, ప్రభుత్వం అన్నీ దాటి అతని పేరు దగ్గరికి వచ్చేసరికి ఆ టైరులో ఇంకా ఏమైనా మిగులుతుందో లేదో అని ఇప్పుడు అదొక దిగులు పట్టుకుంది.